బాక్సులో ఉన్న బిడ్డ మాటకు ఊ కొట్టడం ఎలా?

మా పాప 29 వారాలకే పుట్టింది. బరువు 1,140 గ్రాములు. మూడో రోజున నన్ను చక్రాల కుర్చీలో ఎన్ఐసీయూ, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ లోపలికి తీసుకెళ్ళారు. పాప ఇంక్యుబేటర్ అనే వెచ్చటి బాక్సులో ఉంది. ముక్కుకి ఊపిరికి సాయపడే సీప్యాప్ గొట్టాలు, నోట్లోంచి పాల ట్యూబు, పాదానికి ఎర్రగా వెలిగే వైరు. "మాట్లాడమ్మా, నీ గొంతు దానికి తెలుసు" అంది సిస్టర్. నాకు ఒక్క మాట పెగల్లేదు. ఏం మాట్లాడాలి? అసలు వింటుందా? విని ఏం చేస్తుంది?

ఆ తరువాత 52 రోజులు ఆ బాక్సు పక్కన కూర్చుని, సిస్టర్లను అడిగి, డాక్టర్లను విసిగించి, దొరికినదల్లా చదివి తెలుసుకున్న విషయాలు ఇవి. ఇప్పుడు నాలాగే అక్కడ కూర్చున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇంట్లో మనం కథ చెబుతాం, పిల్లలు ఊ కొడతారు. ఎన్ఐసీయూలో కథ చెప్పేది బిడ్డ. ఊపిరితో, ఒంటి రంగుతో, వేళ్ళతో, కనుబొమలతో చెబుతుంది. ఊ కొట్టడం మన వంతు. ఈ కింద రాసినదంతా ఆ ఊ ఎప్పుడు కొట్టాలి, ఎలా కొట్టాలి అన్నదే.

1. ఈరోజుకి ఎన్ని వారాలో అడగండి

పుట్టి ఎన్ని రోజులైందన్నది చుట్టాలకు చెప్పుకునే లెక్క. ఎన్ఐసీయూలో చూసేది గర్భం వారాల లెక్క. 29 వారాలకు పుట్టి మూడు వారాలు గడిచిన బిడ్డ అక్కడ 32 వారాల బిడ్డ. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఈ అంకె అడిగి పుస్తకంలో రాసుకోండి. బిడ్డ ఎంత వినగలదు, ఎంత తట్టుకోగలదు అన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

కడుపులో అన్నిటికంటే ముందు వచ్చేది స్పర్శ. 8వ వారం ప్రాంతంలోనే పెదవుల చుట్టూ మొదలవుతుంది. లోపలి చెవి 24, 25 వారాలకు పని మొదలుపెడుతుంది. 28 నుంచి 30 వారాలకల్లా శబ్దానికి బిడ్డ స్పందన నిలకడగా కనబడుతుంది. ఆపాటికి వాసన కూడా తెలుస్తుంది. చూపు అన్నిటికన్నా ఆఖరిది. 26 వారాలకు రెప్పలు విడివడతాయి గానీ, వెలుతురు ఎక్కువైతే కంటిపాపను ముడుచుకోవడం 30 వారాల దాకా సరిగ్గా చేతకాదు. అందుకే బాక్సు మీద గుడ్డ కప్పి ఉంచుతారు. అందుకే ఈ దశలో రంగురంగుల గిలక్కాయలు, బొమ్మలు కొని తీసుకెళ్ళకండి. బిడ్డకు అప్పుడు అందేవి మూడే: మీ చెయ్యి, మీ వాసన, మీ గొంతు.

ఇక్కడే ఇంకో మాట. "ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు" అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే. అలాగే బొప్పాయి తిన్నావనో, మెట్లెక్కావనో, ప్రయాణం చేశావనో తల్లిని తప్పుపట్టేవాళ్ళు ఉంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. అంతమంది తల్లులూ బొప్పాయి తినలేదు. ఇలాంటి మాటలకు జవాబు చెప్పే ఓపిక మీకు లేకపోతే ఆ పని మీ వారికి అప్పగించండి. మీ ఓపిక బాక్సు దగ్గర కావాలి.

2. లోపలికి వెళ్ళే ముందు

గాజులు, ఉంగరాలు, వాచీ తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలని మీకు ఎలాగూ చెబుతారు. వాళ్ళు చెప్పకపోవచ్చని నేను చెప్పేది: సెంటు కొట్టుకోకండి, ఘాటైన తలనూనె వద్దు, తలలో మల్లెపూలు కూడా వద్దు. బిడ్డకు ఇంకా మీ ముఖం తెలియదు. మీ ఒంటి వాసనే మీ ఆనవాలు. రోజూ అదే వాసన రావాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, వైబ్రేషన్ కూడా తీసేసి.

ఎంతసేపు ఉండనిస్తారన్నది ఒక్కో చోట ఒక్కో రకం. మేమున్న ఆసుపత్రిలో మొదట్లో రోజుకి పది నిమిషాలే అన్నారు. నేను ఏడ్చాను, కోప్పడ్డాను, ఉపయోగం లేకపోయింది. పనిచేసింది వేరే. బిడ్డ డైపరు మార్చడం, ట్యూబు పాలు పట్టేటప్పుడు సిరంజి పట్టుకోవడం నాకు నేర్పమని అడిగాను. పని చేసే తల్లిని ఎవరూ బయటికి పొమ్మనరు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే నవజాత శిశువుల వార్డుల్లో తల్లిదండ్రులను సంరక్షణలో భాగం చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. దాన్ని ఫ్యామిలీ పార్టిసిపేటరీ కేర్ అంటారు. జిల్లా ఆసుపత్రి ఎస్ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ నవజాత శిశువుల వార్డులో) ఉంటే ఈ పేరు చెప్పి మర్యాదగా అడగండి.

3. నోరు విప్పే ముందు ఐదు నిమిషాలు చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. కుర్చీ లాక్కుని కూర్చోండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. మానిటర్ వైపు కాకుండా బిడ్డ వైపు చూడండి. అంకెలు చూడటం అలవాటైతే బిడ్డ కనబడదు. నేను మొదటి వారమంతా 93, 91, 94 అని ఆక్సిజన్ అంకెలే చూశాను. "అమ్మా, అంకెలు మేం చూసుకుంటాం, నువ్వు పిల్లను చూడు" అని సిస్టర్ మానిటర్‌ను పక్కకి తిప్పేసింది. ఆ రోజే మొదటిసారి దాని కుడి చెయ్యి ఎప్పుడూ చెంప దగ్గరికి వెళ్తోందని గమనించాను.

నెలలు నిండని బిడ్డ రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటుంది. ఆ నిద్రలోనే మెదడు పెరుగుతుంది కాబట్టి దాన్ని చెడగొట్టకూడదు. కళ్ళు మూసుకుని రెప్పల కింద గుడ్లు కదులుతూ, ముఖం చిట్లిస్తూ, నవ్వినట్టు పెడుతూ ఉంటే అది కలత నిద్ర. మెలకువ వచ్చిందనుకుని తట్టి లేపకండి. కళ్ళు తెరిచి, ఒళ్ళు కదపకుండా, ప్రశాంతంగా చూస్తూ ఉంటే అదీ అసలైన మెలకువ. 30 వారాల బిడ్డకు అది కొన్ని క్షణాలే ఉండొచ్చు. 34, 35 వారాలకు నిమిషాల్లోకి వస్తుంది. ఆ క్షణాల కోసమే మీరు కాచుకుని కూర్చోవాలి.

"రా, మాట్లాడు" అని బిడ్డ చెప్పే తీరు ఇలా ఉంటుంది. చెయ్యి నోటి దగ్గరికో చెంప దగ్గరికో తెచ్చుకుంటుంది. రెండు చేతులూ, లేదా రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించుకుంటుంది. ఏదీ లేకపోయినా చప్పరిస్తుంది. పెదవులు "ఓ" అన్నట్టు గుండ్రంగా పెడుతుంది. నుదురు విప్పారుతుంది. ఊపిరి ఒక లయలో సాగుతుంది, ఒంటి రంగు మారకుండా నిలకడగా ఉంటుంది.

"చాలు, ఆపు" అనడానికి దానికి ఇంకా పెద్ద భాషే ఉంది. వేళ్ళు విప్పి అరచెయ్యి ముందుకు చాపుతుంది, ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టే. ముఖం పక్కకి తిప్పుకుంటుంది. వెన్ను విల్లులా వంచుతుంది. కాళ్ళూ చేతులూ గాలిలోకి బిగుసుకుపోయేలా చాస్తుంది. లేదంటే పూర్తిగా వాలిపోయి మెత్తబడుతుంది. నాలుక బయటికి పెడుతుంది. ఎక్కిళ్ళు, తుమ్ములు, ఆవులింతలు కూడా ఈ వరసలోవే. ఎక్కిళ్ళు వస్తే ఎవరో తలుచుకుంటున్నారనీ, ఆవులిస్తే నిద్రొస్తోందనీ మనం అనుకుంటాం. ఈ పిల్లల్లో చాలాసార్లు దాని అర్థం "నాకు ఎక్కువైపోయింది" అని. ఇంకా ముదిరితే రంగు పాలిపోవడం, చర్మం మీద మచ్చలు మచ్చలుగా రావడం, పెదవుల చుట్టూ నీలం, ఊపిరి ఆగి ఆగి రావడం. ఆ స్థితిలో మీరు చేయాల్సింది సిస్టర్‌ను పిలవడమే.

ఈ సంకేతాలను ఒక పద్ధతి ప్రకారం చదవడం నేర్పినామె అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త హైడెలీస్ ఆల్స్. 1980లలో ఆమె మొదలుపెట్టిన పద్ధతిని నిడ్‌క్యాప్ అంటారు. దాని సారమంతా ఒకటే: బిడ్డ ఒంటి భాషను బట్టి సంరక్షణ సాగాలి. మీకు ఆ శిక్షణ అవసరం లేదు. ఒక చిన్న పుస్తకంలో రెండు వరసలు గీసుకుని, మీ బిడ్డ "రా" అనేది ఎలా, "చాలు" అనేది ఎలా అని రాయండి. వారం తిరిగేసరికి మీ బిడ్డ నిఘంటువు మీ దగ్గర తయారవుతుంది. ప్రతి బిడ్డదీ వేరు. మా పాప అసంతృప్తి అంతా ఎడమ పాదం వేళ్ళలోనే ఉండేది.

4. ముందు గొంతు, తరువాత చెయ్యి

ఎప్పుడూ చెప్పకుండా ముట్టుకోవద్దు. ముందు మెల్లగా పేరు పెట్టి పిలవండి. పేరు ఇంకా పెట్టకపోతే "చిట్టితల్లీ" అనో "నాన్నా" అనో ఒకే పిలుపు ఎంచుకోండి. రోజూ అదే. దానివల్ల తరువాత ఏం రాబోతోందో బిడ్డకు అందుతుంది: ఈ పిలుపు వినబడితే వచ్చేది అమ్మ చెయ్యి, సూది కాదు.

చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకోండి. ఒక అరచేతిని తల మీద గిన్నె బోర్లించినట్టు ఆనించండి. రెండోది ముడిచిన పాదాల దగ్గర గానీ పిరుదుల దగ్గర గానీ పెట్టండి. అంతే. కదపకండి. నిమరకండి. మనకు నిమరడం ప్రేమ, కానీ 32 వారాల లోపు పిల్లలకు వేళ్ళతో సుతారంగా రాస్తే చక్కిలిగింత పెట్టినట్టూ చురుక్కుమన్నట్టూ ఉంటుంది. కదలకుండా నిలకడగా ఉన్న చెయ్యి గర్భసంచి గోడలాగా అనిపిస్తుంది. మరీ ముందుగా, 28 వారాల లోపు పుట్టినవాళ్ళను మొదటి రెండు మూడు రోజులు వీలైనంత తక్కువ ముట్టుకోవాలని డాక్టర్లు అంటారు. అప్పుడు పక్కన కూర్చుని మీ గొంతు వినిపించడమే మీ స్పర్శ.

వెళ్ళేటప్పుడు చెయ్యి ఒక్కసారిగా లాగేయకండి. ఒకటి, తరువాత రెండోది, నెమ్మదిగా. "వెళ్ళొస్తా" అని చెప్పండి. మన భాషలో ఎవరికీ "వెళ్తాను" అనం కదా, బిడ్డకు కూడా అంతే.

5. ఇప్పుడు మాటలు

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు మీ గొంతు గోడ అవతలి నుంచి వినబడినట్టు అందింది. అక్షరాలు సరిగ్గా తెలియవు. రాగం, లయ, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు మూడు రోజులు కూడా నిండని శిశువుల నోట్లో చప్పరించే నిపుల్ పెట్టారు. చప్పరించే తీరు మారిస్తే తల్లి గొంతు వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆ పసివాళ్ళు వేరే ఆడమనిషి గొంతు కంటే తల్లి గొంతు కోసమే ఆ తీరు మార్చుకున్నారు. వాళ్ళు నెలలు నిండిన పిల్లలు. మన పిల్లలు ఆ గొంతును మధ్యలోనే పోగొట్టుకుని యంత్రాల మధ్యకు వచ్చారు. దాన్ని తిరిగి తెచ్చివ్వడం మందులతో అయ్యే పని కాదు.

ఎంత గట్టిగా మాట్లాడాలి? మామూలు సంభాషణ దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఎన్ఐసీయూలో శబ్దం 45 డెసిబెల్స్ దాటితే మంచిది కాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1997లో చెప్పింది. అంటే పక్క మంచం మీద నిద్రపోతున్నవాళ్ళు లేవకుండా మాట్లాడుకునే స్థాయి. మరీ గుసగుస కూడా వద్దు; గుసగుసలో గొంతు రాగం ఉండదు, బిడ్డ గుర్తుపట్టేది ఆ రాగాన్నే. బాక్సు మీద పాలసీసా పెట్టడం, వేలితో తట్టడం, బాక్సు కిటికీ తలుపు టక్కున మూయడం మనకు చిన్న చప్పుళ్ళే. లోపల అవి పిడుగుల్లా మోగుతాయి. తలుపు మూసేటప్పుడు గొళ్ళేన్ని వేలితో పట్టి నెమ్మదిగా వదలండి.

అలాగని పూర్తి నిశ్శబ్దం మంచిదనుకోకండి. సెయింట్ లూయిస్‌లో ఒక ఆసుపత్రి మీద 2014లో వచ్చిన పరిశోధనలో, అందరూ ఉండే వార్డులో పెరిగిన పిల్లల కంటే ఒంటరి గదుల్లో ఉన్న పిల్లలకు రెండేళ్ళ వయసులో భాష వెనకబడి కనిపించింది. గది ప్రశాంతంగానే ఉంది, మాట్లాడే మనిషే తక్కువ. చెవికి కావలసింది చప్పుడు తగ్గడం, మాట పెరగడం. ఈ రెండూ కలిసే ఉండాలి.

ఏం మాట్లాడాలి? ఏదైనా. నేను మొదటి రోజు ఏమీ తోచక ఇంటి నుంచి ఆసుపత్రికి వచ్చే దారి చెప్పాను. ఏ సందు తిరిగామో, ఇడ్లీ బండి దగ్గర ఎంతమంది నిలబడ్డారో, ఆటో అతను ఏమన్నాడో. తరువాత వాళ్ళ అమ్మమ్మ పచ్చడి పెట్టే పద్ధతి చెప్పాను. మీకు పద్యాలు వస్తే పద్యాలు, నామాలు వస్తే నామాలు, జోలపాట వస్తే జోలపాట. జోలపాటలకు ఉండే నెమ్మది, వచ్చిన వరసే మళ్ళీ మళ్ళీ రావడం ఈ పిల్లలకు సరిగ్గా సరిపోతాయి. గొంతు బాగుండక్కర్లేదు. ఒకటే పాట రోజూ పాడండి.

చెప్పే తీరు ఇది. ఒక వాక్యం చెప్పండి. ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. బిడ్డ వైపు చూడండి. కనుబొమ లేచిందా? ఊపిరి కాస్త నిదానించిందా? వేలు కదిలిందా? చిన్న మూలుగు వచ్చిందా? వస్తే అప్పుడు మీరు ఊ కొట్టండి: "ఊఁ, అవునా? తరువాత?" అని. మళ్ళీ ఆగండి. ఇది నిజంగా సంభాషణే. అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పిల్లల ఒంటి మీది చొక్కాలో చిన్న రికార్డర్లు పెట్టి చేసిన పరిశోధన 2011లో వచ్చింది. పుట్టాల్సిన తేదీకి ఎనిమిది వారాల ముందే, అంటే 32 వారాలకే, ఈ పిల్లలు గొంతు కలుపుతున్నారని, తల్లిదండ్రులు పక్కన ఉన్నప్పుడు ఆ గొంతులూ, ఒకరి తరువాత ఒకరు వంతులు తీసుకోవడమూ పెరిగాయని అందులో తేలింది. అదే బృందం 2014లో మరో విషయం చెప్పింది: ఎన్ఐసీయూలో పెద్దవాళ్ళ మాటలు ఎక్కువగా విన్న పిల్లలు 18 నెలల వయసులో భాష పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు.

ఒకేసారి పాడుతూ, నిమురుతూ, ఊపుతూ, కళ్ళల్లోకి చూడకండి. చిన్న బిడ్డకు ఒకసారి ఒకటే. గొంతు ఉంటే చెయ్యి కదలకూడదు. రెండూ తట్టుకుంటోందనిపిస్తే మూడోది. "చాలు" సంకేతం కనబడగానే ఆపండి. ఆపడం అంటే వదిలేయడం కాదు. "సరే, పడుకో" అని చెప్పి, చెయ్యి అలాగే ఆనించి, మౌనంగా ఉండండి. చెప్పిన మాట అమ్మకు అర్థమైందని బిడ్డకు తెలిసేది అప్పుడే.

ఏ భాషలో? మీకు ఏడుపొస్తే ఏ భాషలో ఏడుస్తారో ఆ భాషలో. డాలస్‌లోనో లండన్‌లోనో ఎన్ఐసీయూలో ఉన్న తెలుగు తల్లులు ఇంగ్లీషు సిస్టర్ల ముందు తెలుగు మాట్లాడటానికి మొహమాటపడతారని మా చెల్లి చెప్పింది. మొహమాటం వద్దు. బిడ్డ కడుపులో విన్నది తెలుగే. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ, నెలలు నిండని పిల్లల విషయంలో కూడా. ఇక్కడ ఇళ్ళలోనూ అంతే. ఇప్పటి నుంచే ఇంగ్లీషు అలవాటు చేయాలని ముద్దు మాటలు కూడా అరువు తెచ్చుకోకండి.

నాన్నలకు ఒక మాట. లోతు గొంతు వల్ల బిడ్డ భయపడుతుందని మా ఆయన పదిరోజులు నోరు మెదపలేదు. అటువంటిదేమీ లేదు. ఆయన మొహమాటపడుతూ క్రికెట్ స్కోరు చెప్పడం మొదలుపెట్టాక, ఆ గొంతు వినబడగానే పాప చప్పరించడం ఆపి వినేది. రికార్డ్ చేసిన గొంతును ఫోన్‌లో పెట్టి బాక్సులో ఉంచడం మాత్రం మీ అంతట మీరు చేయకండి. ఎంత శబ్దంతో, ఎంతసేపు అన్నది అక్కడివాళ్ళు చూడాలి. పైగా ఫోన్ ఆగి వినదు, ఊ కొట్టదు.

6. గుండె మీద

డాక్టరు సరే అన్న రోజు నుంచే కంగారూ సంరక్షణ, అంటే చర్మానికి చర్మం ఆనేలా బిడ్డను గుండె మీద పెట్టుకోవడం మొదలుపెట్టండి. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు పిల్లలను తల్లుల గుండె మీద పెట్టించారు. పేదరికంలో పుట్టిన ఆ ఉపాయమే ఇప్పుడు ఉత్తమ వైద్యం. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు చేయమంది. సీప్యాప్ మీద ఉన్నా నిలకడగా ఉంటే చేయవచ్చు, అడగండి.

ముందు తెరిచే జాకెట్టుగానీ, చొక్కాలాంటి నైటీగానీ వేసుకోండి. కుర్చీలో కాస్త వెనక్కి వాలండి. డైపరు, టోపీ తప్ప వేరే బట్టలు లేకుండా బిడ్డను రెండు రొమ్ముల మధ్య నిలువుగా, తల ఒక పక్కకి తిప్పి, కప్ప కూర్చున్నట్టు కాళ్ళు మడిచి పెడతారు. ముక్కు, నోరు మూసుకుపోకుండా, గడ్డం ఛాతీకి ఆనిపోకుండా చూసుకోండి. కనీసం గంట కదలకుండా ఉండేలా ముందే నీళ్ళు తాగి, బాత్రూముకి వెళ్ళి రండి. ఎత్తుకోవడం, దించడం బిడ్డకు కష్టమైన పనులు. పావుగంట కోసం ఆ కష్టం పెట్టకూడదు.

ఇక్కడ మాట్లాడటం ఇంకా సులువు. మీ గొంతు గాలిలోంచే కాక మీ ఎముకల్లోంచి కూడా బిడ్డకు అందుతుంది, కడుపులో అందినట్టే. కాబట్టి ఇంకా మెల్లగా చాలు. మొదటి పది నిమిషాలు ఏమీ మాట్లాడకండి. మీ ఊపిరిని బిడ్డ విననివ్వండి. తరువాత గొంతులోనే కూనిరాగం తీయండి. బిడ్డ ఊపిరి మీ వేగానికి సర్దుకోవడం మీ చర్మానికి తెలుస్తుంది. నాన్నలు కూడా చేయాలి. సిజేరియన్ అయిన తల్లి ఇంకా వేరే వార్డులో ఉంటే మొదటి గుండె నాన్నదే అవుతుంది.

7. నొప్పి వేళ

రోజూ మడమ మీద సూది గుచ్చి రక్తం తీస్తారు. నేను మొదట్లో బయటికి పారిపోయేదాన్ని. తరువాత తెలిసింది, ఆ సమయంలోనే నేను కావాలని. ఇటలీలో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, మడమ గుచ్చేటప్పుడు తల్లి మాట్లాడుతూ ఉంటే నెలలు నిండని పిల్లల్లో నొప్పి గుర్తులు తగ్గాయి. సిస్టర్‌ను అడిగి ముందుగా వెళ్ళండి. గుచ్చడానికి ఒకటి రెండు నిమిషాల ముందే బిడ్డ తలనూ కాళ్ళనూ మీ చేతులతో చుట్టి పట్టుకోండి, మాట మొదలుపెట్టండి, అయిపోయాక కూడా బిడ్డ ముడుచుకుని స్థిమితపడేదాకా ఆపకండి. మీ గొంతు వణికితే వణకనివ్వండి.

8. పాలు కూడా మాటే

పీల్చడం, మింగడం, ఊపిరి మూడూ ఒక లయలోకి వచ్చేది 32 నుంచి 34 వారాల మధ్య. రేపు మాటలు పలికేది కూడా ఇదే నోటితో. ట్యూబులో పాలు వెళ్తున్నప్పుడు మీ పాల చుక్క ఒకటి పెదవి మీద రాయవచ్చా అని అడగండి. మొదటి రోజుల్లో ముర్రుపాలు దూదితో బుగ్గల లోపల రాస్తారు. అనుమతిస్తే పాలు పిండేసిన రొమ్మును నోటికి అందించండి, ఉత్తినే చప్పరిస్తుంది. కడుపు నిండే వేళ నోట్లో ఆ అనుభవం ఉంటే రెండింటికీ ముడిపడుతుంది. పట్టేటప్పుడు ముఖం తిప్పుకున్నా, వేళ్ళు విప్పి చాచినా, పాలు పెదవుల పక్క నుంచి కారినా ఆగండి. ఇంకో 5 మిల్లీలీటర్లు లోపలికి పంపడం కంటే "నా మాట వింటారు" అన్న నమ్మకం దానికి ముఖ్యం. మీరు ఉండలేని రాత్రి కోసం, ఒంటికి ఆనించి ఉంచుకున్న శుభ్రమైన మెత్తటి గుడ్డను బిడ్డ దగ్గర ఉంచుతారేమో అడగండి.

9. ఇంటికి వెళ్ళే ముందు అడగాల్సిన పరీక్షలు, ఆ తరువాత లెక్క

చెవి పరీక్ష అయిందా? ఎన్ఐసీయూలో 5 రోజులకు పైగా ఉన్న పిల్లలకు శబ్దం మెదడు దాకా అందుతోందా అని చూసే ఏబీఆర్ రకం పరీక్ష కావాలి. మన దగ్గర బెరా అంటారు. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ ఒక్కటే చాలదు. వెంటిలేటర్, కామెర్లు, కొన్ని యాంటీబయాటిక్స్ వల్ల చెవి నుంచి మెదడుకు పోయే దారిలో లోపం వస్తే ఓఏఈ పట్టుకోలేదు. నెలలోపు పరీక్ష, లోపం ఉందనిపిస్తే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది; జిల్లా ఆసుపత్రుల్లో ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీలు, అంటే ఎదుగుదల లోపాలను తొందరగా పట్టుకునే కేంద్రాలు ఉన్నాయి.

కంటి పరీక్ష అయిందా? 34 వారాల లోపు గానీ, 2,000 గ్రాముల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ ఆర్ఓపీ (నెలలు నిండని పిల్లల కంటి వెనక పొరకు వచ్చే జబ్బు) పరీక్ష 30 రోజుల్లోపు జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు అయితే రెండు మూడు వారాలకే. బిడ్డ డిశ్చార్జ్ అయిపోయిందని ఈ తేదీ వాయిదా వేయకండి. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

ఇక మాటల లెక్క. రెండేళ్ళు వచ్చేదాకా కరెక్టెడ్ వయసునే, అంటే పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టే వయసునే చూడండి. 40లోంచి పుట్టిన వారాలు తీసేయండి. మా పాపకు 11 వచ్చాయి. పుట్టి 26 వారాలు నిండిన రోజున దాని వయసు ఆరు నెలలు కాదు, 15 వారాలు. ఆ లెక్కన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముఖం చూసి నవ్వడం, మూడో నెలకి ఉంగాలు, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య "బబబ, తతత", ఏడాది చుట్టుపక్కల "అమ్మ", "అత్త" లాంటి ఒకటి రెండు మాటలు రావాలి. కరెక్టెడ్ మూడు నెలలకి పెద్ద శబ్దానికి ఉలిక్కిపడకపోయినా, తొమ్మిది నెలలకి పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదికి చేత్తో టాటా చెప్పడం, వేలు చూపించడం లేకపోయినా "మగపిల్లలకి మాటలు లేటు", "మీ ఆయనకీ లేటే" అన్న మాటలు విని ఊరుకోవద్దు. వెంటనే చూపించండి.

టీకాల కార్డు మొదటి పేజీలో రెండు తేదీలు పక్కపక్కనే రాయండి: పుట్టిన తేదీ, పుట్టాల్సిన తేదీ. డిశ్చార్జ్ కాగితం నకలు దాని వెనక పిన్ చేయండి. ఆశా కార్యకర్త వచ్చినా, కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందు ఆ రెండో తేదీ చూపించండి. బిడ్డ "రా", "చాలు" అనే తీరు రాసుకున్న పుస్తకం కూడా సంచిలో పెట్టుకోండి. ఇంట్లో ఎత్తుకునే అమ్మమ్మకీ నానమ్మకీ అది చదివి వినిపించాలి.